కౌలు గడువు, నేల సారం

సొంత భూమి సాగుకూ కౌలు భూమి సాగుకూ మధ్య నేల సారం విషయంలో తేడా ఎందుకు వస్తుంది, అది ఏ పనుల్లో బయటపడుతుంది, ఏ పనుల్లో బయటపడదు, దానిని తగ్గించడానికి ఉన్న మార్గాలేమిటి అన్నవి ఈ ప్రసంగంలోని అంశాలు. తెలుగు ప్రాంతాలకు ఇది చాలా దగ్గరి విషయం. జాతీయ నమూనా సర్వే 2019లో వ్యవసాయ కుటుంబాల స్థితిగతులపై జరిపిన 77వ విడత పరిశీలనలో, దేశం మొత్తం మీద కౌలు కమతాలు ఆరింటికి ఒకటి చొప్పున తేలగా, ఆంధ్రప్రదేశ్‌లో వాటి వాటా 40 శాతం దాటింది. నోటిమాట మీద నడిచే కౌళ్లు ఇటువంటి లెక్కలకు పూర్తిగా అందవు కనుక వాస్తవం ఇంతకంటే ఎక్కువే అయి ఉండవచ్చు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో భూ యజమానులు చదువుల కోసం, ఉద్యోగాల కోసం, వ్యాపారాల కోసం పట్టణాలకూ, హైదరాబాదుకూ, విదేశాలకూ తరలిపోగా, ఊళ్లో మిగిలిన చిన్న రైతులూ వ్యవసాయ కూలీ కుటుంబాలూ ఆ పొలాలను కౌలుకు చేస్తున్నారు. అంటే భూమి ఎవరి పేరున ఉన్నదో వారు ఒకరు, ఆ భూమిలో ఈ ఏడాది ఏ ఎరువు వేయాలో నిర్ణయించేవారు మరొకరు.

నేల నాణ్యత అన్నప్పుడు మూడు విషయాలను కలిపి చూడవలసి ఉంటుంది. మొదటిది పైరుకు కావలసిన పోషకాలు నేలలో ఎంత మేరకు ఉన్నాయన్నది. రెండవది మట్టి రేణువుల అమరిక, గుల్లదనం, నీటిని పట్టి ఉంచే శక్తి. మూడవది మట్టిలోని సూక్ష్మజీవులూ వానపాములూ సాగించే జీవక్రియ. కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరిలో ప్రారంభించిన భూసార పరీక్షా పత్రాల పథకం 12 అంశాలను కొలుస్తుంది. వాటిలో నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, తక్కువ మోతాదులో అవసరమయ్యే జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ అనే సూక్ష్మ పోషకాలు, ఆమ్ల క్షార గుణాన్ని తెలిపే ఉదజని సూచిక, లవణాల మోతాదును తెలిపే విద్యుత్ వాహకత, వీటితోపాటు సేంద్రియ కర్బనం ఉన్నాయి. సేంద్రియ కర్బనం అంటే ఆకులు, వేళ్లు, పేడ వంటివి చివికి మట్టిలో కలిసిపోయిన పదార్థంలోని కర్బనం. ఇది 0.5 శాతం కంటే తక్కువగా ఉంటే నేలను తక్కువ సారం గలదిగా, 0.75 శాతం దాటితే ఎక్కువ సారం గలదిగా లెక్కిస్తారు. ఎండలు తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో ఈ పదార్థం త్వరగా హరించుకుపోతుంది, తిరిగి చేరడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఒక పంట కాలంలో దీనిలో వచ్చే మార్పు పరీక్షలో సైతం స్పష్టంగా కనిపించనంత స్వల్పం కనుక, సారం పెంచినవారి శ్రమ గానీ తగ్గించినవారి నిర్లక్ష్యం గానీ వెంటనే పట్టుబడదు.

ప్రతి పంటా నేల నుంచి కొంత తీసుకుపోతుంది. ఒక టన్ను వడ్లు పండడానికి గింజా గడ్డీ కలిపి సుమారు 20 కిలోల నత్రజనినీ, సుమారు 30 కిలోల పొటాష్‌నూ నేల నుంచి తీసుకుంటాయని వ్యవసాయ శాస్త్రజ్ఞుల అంచనా. పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది కనుక, గడ్డిని పూర్తిగా పొలం దాటించినప్పుడు ఆ నష్టం మరింత పెరుగుతుంది. గాదెలోంచి ధాన్యం తీస్తూ మళ్లీ పోయకపోతే కొంతకాలం వరకు ఇంట్లో ఎవరికీ లోటు తెలియనట్టే, నిల్వలు తరుగుతున్న నేల కూడా కొన్నేళ్లపాటు యూరియా బలంతో దిగుబడి ఇస్తూనే ఉంటుంది. లోటు బయటపడే నాటికి ఆ పొలంలో సాగు చేస్తున్నది ఎవరన్నదే సొంత సేద్యానికీ కౌలు సేద్యానికీ మధ్య ఉన్న అసలు తేడా. సొంత రైతు ఆ లోటును తానే అనుభవిస్తాడు, తన పిల్లలకూ అప్పగిస్తాడు. ఏడాది కౌలుదారు ఆ పాటికి మరో పొలంలో ఉండవచ్చు.

ఈ తేడా సాగుపనులన్నిటిలోనూ ఒకే తీరుగా ఉండదు. పొలంపై పెట్టే ప్రతి ఖర్చుకూ ప్రతిఫలం చేతికందే గడువు ఒకటి ఉంటుంది. యూరియా ప్రభావం వారాల్లో కనిపించి ఆ పంటతోనే ముగుస్తుంది కనుక, దానిని వేయడంలో కౌలుదారు సొంత రైతుకు ఏ మాత్రం తీసిపోడు, కౌలు చెల్లించవలసిన ఒత్తిడి వల్ల ఒక్కొక్కప్పుడు మించిపోతాడు కూడా. వరిలో జింకు లోపాన్ని సరిదిద్దే పద్ధతులు గడువు ప్రభావాన్ని చక్కగా చూపుతాయి. మూడు పంటలకు ఒకసారి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలన్నది డెల్టా రైతులకు శాస్త్రజ్ఞులు చేసే సిఫారసు. నేలకు వేసిన ఆ జింకు తరువాతి పంటలకూ అందుతుంది. ఈ ఒక్క పంటకే పొలం చేతిలో ఉన్న రైతు మాత్రం ఆకుల మీద తుప్పు మచ్చలు కనిపించాక, లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేసి ఈ పంటను గట్టెక్కించడమే లాభసాటి అనుకుంటాడు. లెక్క ప్రకారం అతని నిర్ణయంలో తప్పు లేదు. అయితే పైరుకు వైద్యం జరిగింది, నేలలోని లోపం అలాగే మిగిలిపోయింది.

జింకు కంటే దీర్ఘకాలం పనిచేసే వాటిలో ఈ ఎడం ఇంకా పెరుగుతుంది. తొలకరి జల్లులకు జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైర్లు చల్లి, పూత దశలో కలియదున్నితే, వాటి వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలి నుంచి పట్టిన నత్రజని పొలానికి చేరుతుంది, మట్టి గుల్లబారుతుంది. దీనికి నాట్లకు కనీసం రెండు నెలల ముందే పొలం చేతిలో ఉండాలి. కౌలు ఖాయమయ్యేది కాలువకు నీరు వదిలే వేళకైతే ఆ అదను దాటిపోతుంది. మాగిన పశువుల ఎరువులోని నత్రజనిలో మొదటి పంటకు అందేది మూడో వంతు దరిదాపు మాత్రమే, మిగిలినది ఆ తరువాతి పంటలకు క్రమంగా విడుదలవుతుంది. గొర్రెల కాపరులకు డబ్బో ధాన్యమో ఇచ్చి రాత్రిళ్లు పొలంలో మంద కట్టించడం రాయలసీమలోనూ తెలంగాణలోనూ పాత ఆచారం, దాని ఫలితం కూడా ఒక్క పంటతో తీరదు. కారుచౌడు నేలల్లో, అంటే సోడియం పేరుకుపోయి మట్టి బిగుసుకున్న నేలల్లో, జిప్సం వేసి నీరు నిలగట్టి ఉప్పును మురుగు కాలువల్లోకి వదిలే పనికి మరింత కాలం పడుతుంది. గట్లు వేయడం, వాలుకు అడ్డంగా చదును చేయడం, గట్ల మీద పచ్చిరొట్ట కోసం గ్లైరిసీడియా పెంచడం ఏళ్ల తరబడి ఫలమిచ్చే పనులు. ఏడాది గడువున్న కౌలుదారు వీటిలో దేనికి చేయి చాచినా, ఆ ఖర్చులో అధిక భాగం యజమానికో తరువాత వచ్చే కౌలుదారుకో చేరుతుంది.

చెరువు పూడిక మట్టి ఇందుకు తెలంగాణలో దొరికే మంచి ఉదాహరణ. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కార్యక్రమంలో చెరువుల పూడిక తవ్వి ట్రాక్టర్లకు ఎత్తే పని ప్రభుత్వం చూసుకోగా, పొలానికి తోలుకునే ఖర్చు రైతులు భరించారు. బంకమన్ను, సేంద్రియ పదార్థం మెండుగా ఉన్న ఈ మట్టి తేమ నిలవని ఎర్ర చల్క నేలల్లో కలిసినప్పుడు, వానకూ వానకూ నడుమ పైరు తట్టుకునే రోజులు పెరుగుతాయి, ఎరువు కొట్టుకుపోవడం తగ్గుతుంది. ఆ మేలు అనేక పంటల వరకు నిలుస్తుంది. ఎకరా నిండా మట్టి పరవడానికి పదుల ట్రాక్టర్ల తోలకం అవసరమైనప్పుడు, ఆ ఖర్చు వచ్చే ఏడు తన చేతిలో ఉంటుందో లేదో తెలియని పొలంపై పెట్టడానికి కౌలుదారు ముందుకు రాడు. పట్టణంలో ఉన్న యజమానికి కౌలు మొత్తం ఎలాగూ అందుతున్నది కనుక అతనికీ తొందర లేదు. ఇద్దరికీ మేలైన పని ఇద్దరిలో ఎవరూ చేయకుండా ఆగిపోయే పరిస్థితి ఇది.

కౌలు పద్ధతులను బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. కోస్తాలో మక్తా అనీ, రాయలసీమలో గుత్త అనీ వ్యవహరించే స్థిర కౌలులో, పంట ఎలా ఉన్నా ఎకరాకు ఇన్ని బస్తాల ధాన్యమో ఇంత సొమ్మో ఇవ్వాలని ముందే ఒప్పందం ఉంటుంది. సంగోరు లేదా పాలు పద్ధతిలో పండినదానిని యజమానీ కౌలుదారూ నిర్ణీత వాటాల్లో పంచుకుంటారు. పాలు పద్ధతిలో అదనపు శ్రమకూ అదనపు పెట్టుబడికీ వచ్చే ఫలితంలో సగమే సాగుదారుకు దక్కుతుంది కనుక అతను తక్కువ శ్రమ పెడతాడని ఆంగ్ల ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో వెలువరించిన తన గ్రంథంలో వాదించాడు. స్థిర కౌలులో ఈ ఇబ్బంది లేదు, కౌలు పోగా మిగిలినదంతా రైతుదే. అయితే నేల సారం దృష్టితో చూస్తే స్థిర కౌలుకు మరో కోణం ఉంది. పంట పోయినా చెల్లించక తప్పని కౌలు, అందులోనూ ముందస్తుగా చెల్లించవలసిన కౌలు, రైతును ఈ ఏడాదిలోనే వీలైనంత రాబట్టుకోమని తరుముతుంది. డెల్టాలో వానకాలపు సార్వా పంటలో అధిక భాగం కౌలుకే పోయి, వేసవి దాళ్వా పంటే కౌలుదారుకు మిగులుబాటు అయినప్పుడు, పొలానికి విరామం ఇవ్వాలన్న ఆలోచనకు చోటుండదు.

ఈ విషయంపై జరిగిన పరిశోధనల్లో ఒకదానికి తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి దక్షిణ, పశ్చిమ భారత గ్రామాల్లో కుటుంబాల సేద్యం వివరాలను కమతం వారీగా నమోదు చేస్తూ వచ్చింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, డోకూరు ఆ గ్రామాల్లో ఉన్నాయి. ఇక్రిశాట్ సేకరించిన గ్రామీణ సమాచారంతోనే రద్వాన్ షాబాన్ అనే ఆర్థికవేత్త 1987లో ఒక అధ్యయనాన్ని ప్రచురించాడు. ఒకే రైతు తన సొంత చెక్కలోనూ, పాలుకు తీసుకున్న చెక్కలోనూ ఎలా సేద్యం చేస్తున్నాడన్నది అతను పోల్చి చూసిన విషయం. రైతు ఒక్కడే కనుక నైపుణ్యంలో, పశువుల్లో, పెట్టుబడి స్థోమతలో తేడా వచ్చిందన్న సందేహానికి తావు లేదు. నీటి వసతి, నేల రకం, భూమి విలువల్లోని తేడాలను తీసివేసి లెక్కించిన తరువాత కూడా సొంత చెక్కలో ఎకరా దిగుబడి సుమారు 16 శాతం ఎక్కువగా తేలింది. స్థిర కౌలు చెక్కల విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే పాలు పద్ధతి ఆ ఏటి శ్రమను తగ్గిస్తున్నదనీ, స్థిర కౌలు ఆ ఏటి శ్రమను తగ్గించడం లేదనీ దీని సారాంశం. ఆ ఏటి దిగుబడికీ, దీర్ఘకాలపు నేల సారానికీ కొలమానాలు వేరన్నది ఇక్కడ మరువరాదు.

ఈ అధ్యయనం నేల రకాన్ని విడదీసి లెక్కించడంలో మరో మెలకువ ఉంది. కౌలు పొలంలో నేల బలహీనంగా ఉన్నంత మాత్రాన అది కౌలు వల్లనే బలహీనపడిందని చెప్పలేము. ఊరికి దూరమైనవీ, మురుగు వసతి లేనివీ, చౌడు తగిలినవీ యజమాని ముందుగా కౌలుకు వదిలి, ఇంటికి దగ్గరగా ఉన్న మంచి చెక్కను తానే చేసుకునే సందర్భాలు ఉంటాయి. దానికి విరుద్ధంగా, యజమాని ఊరే విడిచిపోయిన డెల్టా గ్రామాల్లో సారవంతమైన మాగాణులే కౌలులో ఉన్నాయి. అందువల్ల ఒక్కసారి తీసిన మట్టి నమూనాలతో కౌలు పొలాలనూ సొంత పొలాలనూ పోల్చి తీర్పు చెప్పడం కంటే, ఒకే పొలంలో కొన్నేళ్ల ఎడంతో వచ్చిన మార్పును చూడడం, ఒకే రైతు రెండు రకాల చెక్కల్లో ఏ ఎరువు ఎక్కడ వేస్తున్నాడో గమనించడం ఎక్కువ నమ్మదగిన పద్ధతులు.

ఇతర దేశాల అనుభవం కూడా గడువు ప్రాధాన్యాన్నే చూపుతున్నది. అమెరికా మొక్కజొన్న రైతులపై ఆ దేశపు వ్యవసాయ శాఖ ఆర్థికవేత్తలు 2000లో వెలువరించిన పరిశోధనలో, నగదు కౌలుదారులు సొంత రైతుల కంటే తక్కువగా పొదుపు దుక్కిని, అంటే పంట మోళ్లను నేలపైనే ఉంచి మట్టి కోతను తగ్గించే దుక్కిని, పాటిస్తున్నారని తేలింది. పాలు కౌలుదారుల్లో ఆ తేడా కనిపించలేదు. అయితే సమోన్నత రేఖల వెంట సాగు, పంట పొలం నడుమ గడ్డి కాలువలు వంటి ఆలస్యంగా ఫలమిచ్చే పనుల్లో రెండు రకాల కౌలుదారులూ వెనకబడ్డారు. చైనాలో ఊరి కమతాలను కుటుంబాల మధ్య ఎప్పటికప్పుడు తిరిగి పంచే విధానం ఉన్న కాలంలో, తమ చెక్క చేజారుతుందన్న భయం ఎక్కువైన చోట రైతులు సేంద్రియ ఎరువు వాడకం తగ్గించారని 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. ఆ తగ్గుదల వల్ల కలిగిన మొత్తం నష్టం స్వల్పమేనని కూడా అదే అధ్యయనం చెప్పడం గమనార్హం. ఆఫ్రికాలోని ఘనా దేశంలో భూమిని కొన్నేళ్లు బీడు ఉంచితేనే సారం తిరిగి వస్తుంది. అక్కడ బీడు ఉంచిన భూమిని ఊరివాళ్లు వేరొకరికి అప్పగించే ప్రమాదం ఉన్నందున, ఊరి పెత్తనంలో పలుకుబడి ఉన్నవారు మాత్రమే ధైర్యంగా తగినన్నేళ్లు బీడు ఉంచి మంచి దిగుబడి పొందుతున్నారని 2008లో వెలువడిన పరిశోధన వివరించింది. చైనాలో గానీ ఘనాలో గానీ ఈ రైతులు కౌలుదారులు కారు. అయినా రేపటి మీద నమ్మకం సన్నగిల్లిన చోట వారి ప్రవర్తన ఏడాది కౌలుదారు ప్రవర్తనను పోలి ఉంది.

కనుక యాజమాన్యం దానంతట అదే నేలను కాపాడుతుందని భావించడం సరికాదు. పట్టణాల చుట్టూ ఇటుక బట్టీలకు పొలం పైపొర మట్టిని అమ్ముకునేది యజమానులే, మట్టిలోని సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉండేది ఆ పైపొరలోనే. రాయితీ మీద చౌకగా దొరికే యూరియాను అవసరానికి మించి వేయడంలో సొంత రైతుకూ కౌలు రైతుకూ పెద్ద భేదం లేదు. కోత యంత్రం వచ్చాక మిగిలిన గడ్డిని తగలబెట్టడం కూడా ఇద్దరూ చేస్తున్న పనే. పశ్చిమ గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో వరి పొలాలను చేపల, రొయ్యల చెరువుల కోసం కౌలుకు ఇవ్వడం మరో రకం సమస్య. వరి కౌలు కంటే చాలా ఎక్కువ రాబడి వస్తుందని యజమాని ఒప్పుకుంటాడు, గడువు కూడా ఏళ్ల తరబడి ఉంటుంది, అయినా తవ్వి గట్లుగా పోసిన పైమట్టి ఆ తరువాత వరికి అనువుగా తిరిగి రావడం కష్టం. ఉప్పునీటి రొయ్యల చెరువుల ఊట పక్క పొలాలకు పాకితే, కౌలు సొమ్ములో పైసా అందని పొరుగు రైతు పొలం చౌడు బారుతుంది. సుదీర్ఘమైన గడువు ఉన్నా, భూమిని ఏ స్థితిలో తిరిగి అప్పగించాలన్న షరతు లేకపోతే నేలకు రక్షణ లేదని ఈ చెరువులు చూపుతున్నాయి.

గడువు ఇంతగా కుదించుకుపోవడానికి చట్టాల చరిత్రలో ఒక కారణం ఉంది. హైదరాబాద్ రాష్ట్రంలో 1950లో వచ్చిన కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం రక్షిత కౌలుదారు అనే హోదాను ఏర్పరచి, అటువంటివారికి యాజమాన్యం దక్కే మార్గం చూపింది. ఆంధ్ర ప్రాంతంలో 1956లో చేసిన కౌలుదారీ చట్టం, 1974 నాటి సవరణతో, కౌలుకు కనీసం ఆరేళ్ల గడువు ఉండాలనీ, ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలనీ నిర్దేశించింది. దున్నేవాడికి భద్రత కల్పించడమే ఈ చట్టాల ఆశయం, ఆ భద్రత పొందినవారు ఉన్నారు కూడా. అయితే కాగితం రాసినా, ఒకే వ్యక్తిని ఏళ్ల తరబడి కొనసాగించినా భూమి మీద హక్కు అడుగుతాడేమోనన్న భయం యజమానుల్లో పాతుకుపోయింది. ఫలితంగా ఒప్పందాలు నోటిమాటకు దిగాయి, కౌలుదారును ఏటేటా మార్చడమో పొలం మార్చడమో అలవాటైంది. చట్టంలో ఆరేళ్లుగా ఉన్న గడువు ఆచరణలో ఒక పంటకో రెండు పంటలకో పడిపోయింది. పశ్చిమ బెంగాల్‌లో 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా కార్యక్రమం వాటాదారుల పేర్లను ప్రభుత్వమే ఊరూరా తిరిగి నమోదు చేయించినందున, అక్కడ భద్రత కాగితం దాటి పొలానికి చేరి, దిగుబడులు పెరగడానికి దోహదం చేసిందని తరువాతి అధ్యయనాలు తేల్చాయి.

ఇటీవలి చట్టాలు యజమానుల భయాన్ని తగ్గిస్తూ కౌలుదారుకు రుణం, బీమా, నష్టపరిహారం అందించడంపై దృష్టి పెట్టాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన చట్టం కౌలు రైతులకు ఏడాది పాటు చెల్లే రుణ అర్హత పత్రాలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని సమ్మతితో 11 నెలల గడువుకు పత్రం ఇచ్చే పద్ధతి తెచ్చింది. పంట మీదే హక్కు, భూమి మీద కాదు అన్న స్పష్టత ఈ చట్టానికి మూలం. పంట రుణానికి ఈ పత్రాలు ఎంతో కొంత ఉపకరించినా, 11 నెలల పత్రంతో ఎవరూ మూడేళ్ల ఎరువు వేయరు. తెలంగాణలో 2018లో ప్రారంభమైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుల పేరున జమ అయింది కనుక, ఆ సొమ్ము కౌలుదారు వేసే ఎరువుకు చేరే ఏర్పాటు ఆ పథకంలో లేకపోయింది. భూసార పరీక్షా పత్రం విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. పత్రం యజమాని పేరున వెళితే, ఎరువు మోతాదు నిర్ణయించే కౌలుదారుకు తన చేతిలో ఉన్న పొలంలో ఏది తక్కువో తెలియదు. పైగా పథకం నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకూ, వర్షాధార భూమిలో 10 హెక్టార్లకూ ఒక నమూనా తీస్తారు కనుక, ఒక చిన్న చెక్క చరిత్రను ఆ పత్రం విడిగా చెప్పలేదు.

నేలలో వేసిన సారానికి కౌలుదారుకు విలువ దక్కకపోవడమన్న అసలు చిక్కుకు పరిష్కారం ఇంగ్లండ్ భూమి చట్టాల్లో చాలాకాలం కిందటే రూపుదిద్దుకుంది. అక్కడ వ్యవసాయ భూమిలో అధిక భాగం పెద్ద జమీందార్ల చేతిలో ఉండి, సేద్యమంతా కౌలుదార్ల చేతుల మీదుగా నడిచేది. 1875 నాటి వ్యవసాయ కమతాల చట్టం, కౌలు ముగిసి వెళ్లిపోయే రైతు నేలలో వదిలి వెళ్లే మెరుగుదలకు యజమాని పరిహారం ఇవ్వాలన్న సూత్రాన్ని ప్రవేశపెట్టింది. మెరుగుదలలను అది మూడు తరగతులుగా విభజించింది. కట్టడాలు, మురుగు నీటి ఏర్పాట్లు వంటి వాటి విలువ 20 ఏళ్లలో తరిగిపోతుందనీ, నేలకు సున్నం వేయడం వంటి వాటి విలువ ఏడేళ్లలో, కొన్న ఎరువుల విలువ రెండేళ్లలో తరిగిపోతుందనీ లెక్కగట్టి, అప్పటికి మిగిలి ఉన్న విలువను కౌలుదారుకు చెల్లించే పద్ధతి చూపింది. మొదట ఈ నిబంధనలను యజమానులు ఒప్పందంలో తప్పించుకోగలిగారు, 1883 నాటి చట్టం ఆ వెసులుబాటును తొలగించింది. భూమి హక్కు ఎవరిదన్న వివాదంలోకి దిగకుండానే, నేలలో వేసిన సారం మీద సాగుదారుకు హక్కు కల్పించడం ఈ చట్టాల ప్రత్యేకత.

భారతదేశంలో నీతి ఆయోగ్ కోసం టి. హక్ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 2016లో రూపొందించిన నమూనా భూమి కౌలు చట్టం కూడా ఇదే దారిలో ఆలోచించింది. యజమాని హక్కుకు పూర్తి రక్షణ, పరస్పర అంగీకారంతో గడువు, కౌలు ముగిసే నాటికి భూమి అభివృద్ధిపై కౌలుదారు పెట్టిన ఖర్చులో వాడకానికి రాని విలువను తిరిగి పొందే అవకాశం అందులోని ముఖ్యాంశాలు. తెలుగు ప్రాంతాల్లో ఒక కౌలు ఒప్పందాన్ని ఈ సూత్రం మీద రాయడం కష్టమైన పని కాదు. పొలం అప్పగించే ముందు ఆ చెక్కకే విడిగా మట్టి నమూనా తీయించి, దాని ఫలితాన్ని ఒప్పందానికి జత చేయవచ్చు. గడువును మూడేళ్లకు తగ్గకుండా పెట్టి, అంతకంటే ఎక్కువ కాలం చేసినా యాజమాన్య హక్కు రాదని స్పష్టంగా రాసుకోవచ్చు. యూరియా వంటి ఆ పంటతో తీరిపోయే ఖర్చు పూర్తిగా కౌలుదారుదిగా, పశువుల ఎరువు, జింకు సల్ఫేటు, పచ్చిరొట్ట వంటివి రెండు మూడు పంటల్లో తరిగిపోయే ఉమ్మడి ఖర్చుగా, చెరువు మట్టి, జిప్సం, గట్ల పని యజమాని భరించవలసినదిగా మూడు తరగతులు చేసుకోవచ్చు. కౌలు మధ్యలో ముగిసినప్పుడు మిగిలిన విలువ ఎంతో అప్పుడు వాదులాడుకునే అవసరం రాదు. చెరువు మట్టి తోలించిన ఏడాది కౌలులో రెండు మూడు బస్తాలు తగ్గించడం కూడా ఇటువంటి పరిహారమే.

ఒప్పందం ఒక్కటే అన్నిటినీ చక్కదిద్దలేదు. కౌలు మొత్తమే భరించలేనంత ఎక్కువైనప్పుడు మూడేళ్ల గడువు ఉన్నా రైతు చేతిలో ఎరువుకు పెట్టుబడి మిగలదు. పశువులు లేని కుటుంబానికి పేడ ఎరువు కొనుగోలు సరుకే. సేంద్రియ కర్బనం పెరుగుదల మూడేళ్లలో పరీక్షకు అందనంత స్వల్పంగా ఉండవచ్చు కనుక, పరిహారాన్ని పరీక్ష అంకెల మీద కంటే, ఏ ఏడు ఎన్ని బళ్ల ఎరువు తోలారు, ఎన్ని ఎకరాల్లో జీలుగ దున్నారు అన్న పనుల మీద లెక్కించడం సమంజసం. యజమాని ఊళ్లో లేనప్పుడు ఈ పనులకు సాక్ష్యం చెప్పే ఏర్పాటు కూడా కావాలి. గ్రామ స్థాయిలో వ్యవసాయ శాఖ సిబ్బంది పంటల నమోదు ఎలాగూ చేస్తున్నందున, అదే నమోదులో నేలకు చేసిన మేలును చేర్చడం అసాధ్యం కాదు.

ఈ చర్చలో యజమాని ప్రయోజనం పక్కకు పోతూ ఉంటుంది. కౌలుదారు నష్టం ఆ ఏటికి పరిమితం కాగా, సారం తరిగిన నేల చివరికి మిగిలేది యజమాని చేతిలోనే, ఎక్కువ కౌలు ఇచ్చే రైతు దొరకడం తగ్గిపోయేదీ అతనికే. పట్టణంలోనో పరదేశంలోనో ఉండి ఏటా కౌలు మాత్రమే అందుకునే యజమాని, ఏటేటా కౌలుదారును మార్చడం తన హక్కుకు రక్ష అని నమ్ముతాడు. హక్కు దక్కినా, దానికి విలువనిచ్చే సారాన్ని ఆ మార్పిడే కొద్దికొద్దిగా తీసివేస్తుంది. భూమి హక్కుకు రాతపూర్వకమైన భద్రత యజమానికీ, నేలలో వేసిన సారానికి రాతపూర్వకమైన విలువ కౌలుదారుకూ ఒకే కాగితంలో దొరికినప్పుడు, గడువు పెంచడానికి యజమాని వెనుకాడవలసిన పని ఉండదు, ఎరువు తోలడానికి కౌలుదారు సందేహించవలసిన పని ఉండదు. రాబోయే కౌలు చట్టాలను అంచనా వేసేటప్పుడు రుణానికీ సాయానికీ అర్హత ఎవరికన్న ప్రశ్నతోపాటు, మూడో ఏట ఆ పొలంలో పండే పంట కోసం మొదటి ఏడే ఖర్చు పెట్టే ధైర్యం సాగుదారుకు కల్పించాయా లేదా అన్నది కూడా చూడవలసి ఉంటుంది.